మంచులో 1,100 కిలోమీటర్లు: అబ్బాయికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు ఫిన్లాండ్‌లో హెల్సింకి పక్కనే ఉన్న ఎస్పోలో ఉద్యోగాలు చేస్తున్నారు. నాలుగేళ్ల మనవరాలు ఉంది. ఈ చలికాలం మమ్మల్ని రమ్మన్నారు. డిసెంబరు మధ్య నుంచి మార్చి రెండోవారం దాకా అక్కడే ఉంటాం. డిసెంబరు 27న సొంత కారులో బయల్దేరి, ఉత్తరాన ఇనారి దాకా వెళ్లి, ఆకాశంలో వచ్చే ఆ రంగుల వెలుగులు చూసి, ఐదు రోజుల్లో తిరిగి రావాలని మావాడి ప్లాన్. మంచులో కారు నడపడం వాడికి ఇది రెండో ఏడాదే. మావారు ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. "దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో రాత్రిళ్లు నడిపినవాణ్ణి, నేనూ ఓ చెయ్యేస్తా" అంటున్నారు. ఆయనకు షుగర్, ఇన్సులిన్ వాడతారు. నాకు మాత్రం ఇప్పటినుంచే నిద్ర పట్టడం లేదు. వద్దంటే పిరికిదాన్నంటారు. వెళ్లొచ్చా, మానేయమని చెప్పాలా?
– ఒక పాఠకురాలు, మార్కాపురం

సమాధానం:

అమ్మా,

ముందు మీ ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. వెళ్లండి. కానీ ఆ తేదీల్లో వద్దు, ఆ ఐదు రోజుల లెక్కతో అసలే వద్దు. మీ భయంలో పిరికితనమేమీ లేదు. ఆ ప్లాన్‌లో ఏదో తేడా ఉందని మీ మనసుకు తట్టింది, అది నిజమే. అయితే తేడా మంచులో లేదు, తొందరలో ఉంది. మంచు రోడ్ల మీద ఈ దేశం మొత్తం ప్రతి చలికాలం తిరుగుతుంది. స్కూలు బస్సులు తిరుగుతాయి, పాల లారీలు తిరుగుతాయి. వాళ్లకు కుదిరేది మనకూ కుదురుతుంది, వాళ్లలా నెమ్మదిగా వెళ్తే.

నేను ఫిన్లాండ్‌లోనే ఔలు అనే ఊళ్లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. మీవాళ్లు పట్టుకునే నాలుగో నంబరు హైవే మా ఊరి మీదుగానే ఉత్తరానికి పోతుంది. కాబట్టి రోజూ చూసే రోడ్డు గురించే చెప్తున్నాను.

ఒకసారి లెక్క చూద్దాం. ఎస్పో నుంచి ఇనారికి 1,100 కిలోమీటర్ల పైమాటే. రానూపోనూ 2,200 దాటుతుంది. ఐదు రోజుల్లో రెండు రోజులైనా అక్కడ ఉండాలంటే మిగిలిన మూడు రోజుల్లో ఆ దూరమంతా కారులోనే లాగాలి. అంటే రోజుకు 700 కిలోమీటర్లకు పైగా. పైగా అది డిసెంబరు నెలాఖరు. హెల్సింకిలోనే పగలు ఆరు గంటలకు మించదు. ఇనారి దారిలో ఉత్తరాన వచ్చే రోవనియెమి ఊళ్లో రెండు గంటల చిల్లర. ఇనారిలో అయితే డిసెంబరు మొదట్లో మునిగిన సూర్యుడు మళ్లీ జనవరి పదో తేదీ అటు ఇటుగా గానీ కనిపించడు. ఆ చీకటి రోజుల్ని ఇక్కడివాళ్లు 'కామోస్' అంటారు. మధ్యాహ్నం కాసేపు నీలంగా ఒక వెలుగు వస్తుంది, చాలా అందంగా ఉంటుంది, కానీ డ్రైవింగుకు అది చాలదు. కాబట్టి మీవాడు వేసుకున్నది దాదాపు అంతా రాత్రి ప్రయాణమే. నడిపేవాడు ఒక్కడు, వెనక చిన్నపిల్ల, వేళకు తిని సూది వేసుకోవాల్సిన నాన్న. మంచు లేకపోయినా ఈ ప్లాన్‌కి నేను వద్దనే చెప్పేదాన్ని.

ఇప్పుడు మంచు సంగతి. మైనస్ ఇరవైలో రోడ్డు తెల్లగా, గట్టిగా, పొడిగా ఉంటే టైరు బాగానే పట్టుకుంటుంది. అసలు ప్రమాదం సున్నా డిగ్రీల దగ్గర. ఆ సంగతి నాకు రెండో చలికాలంలో తెలిసింది. మార్చిలో ఒక సాయంత్రం కెమి నుంచి ఔలుకి తిరిగొస్తున్నాను. పగలంతా ఎండ కాసింది, రోడ్డు మీద మంచు కరిగి నల్లగా తడిగా కనిపిస్తోంది. మంచే లేదు కదా అని స్పీడు పెంచాను. కాసేపటికి టైర్ల రొద ఒక్కసారిగా ఆగిపోయింది. కారులో ఎంత నిశ్శబ్దమంటే, హీటరు గాలి చప్పుడు వినిపించింది. ముందు వెళ్తున్న కారు వెనక అప్పటిదాకా లేస్తున్న నీటి తుంపర కూడా లేదు. అది తడి కాదు, తడి మీద పట్టిన అద్దంలాంటి ఐసు. ఆ ముక్క అర్థమయ్యేలోపు రోడ్డు కొద్దిగా వంపు తిరిగింది, నా కారు తిరగలేదు. పక్కన పోగేసిన మంచుగుట్టలోకి మెత్తగా వెళ్లి కూరుకుపోయింది. దెబ్బ తగల్లేదు. ఐదు నిమిషాల్లో ఒక పెద్దాయన తన వ్యాను ఆపి, డిక్కీలోంచి తాడు తీసి, ఒక్క మాటా మాట్లాడకుండా కారు బయటికి లాగాడు. వెళ్తూ వెళ్తూ రోడ్డు వైపు వేలు చూపించి "ముస్తా యా" అన్నాడు. నల్ల ఐసు అని. ఆ గుట్ట బదులు ఎదురుగా లారీ వచ్చి ఉంటే ఈ సమాధానం రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

అందుకే మీ అబ్బాయికి నేను చెప్పే మొదటి మాట థర్మామీటరు గురించి. డ్యాష్‌బోర్డు మీద ప్లస్ రెండు, మైనస్ మూడు మధ్యలో అంకె కనిపిస్తే, రోడ్డు ఎంత నల్లగా ఉన్నా నమ్మొద్దు. రెండో మాట 'కెలి'. ఫిన్నిష్‌లో ఈ మాటకు రోడ్డూ వాతావరణమూ కలిసి ఈ రోజు నడపడానికి ఎలా ఉన్నాయో అని అర్థం. వాతావరణ శాఖ జిల్లాలవారీగా కెలి ప్రకటిస్తుంది. మామూలు, చెడు, చాలా చెడు అని మూడు మెట్లు. 'చాలా చెడు' అంటే ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే పని వాయిదా వేసుకుని ఇంట్లో కూర్చుంటారు. 'ఫిన్‌ట్రాఫిక్' వాళ్ల వెబ్‌సైటులో హైవేల మీద పెట్టిన కెమెరాల ఫొటోలు ఎప్పటికప్పుడు కనిపిస్తాయి. బయల్దేరే ముందు వెళ్లబోయే దారిలో నాలుగు కెమెరాలు చూడటం ఇక్కడ అందరికీ అలవాటు. మీవాడు మొబైల్లో అది తెరిచి మీకు కూడా చూపించాలి. దారిలో రేపు ఏముందో కళ్లారా చూస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇక ప్లాన్ మార్చే పని. మీరు మార్చి రెండోవారం దాకా ఉంటున్నారు కదా, ప్రయాణాన్ని ఫిబ్రవరి నెలాఖరుకు జరపమనండి. అప్పటికి ఇనారిలో కూడా పగలు తొమ్మిది గంటలకు పైగా ఉంటుంది. మంచు ఎక్కడికీ పోదు, ఆ రోజుల్లోనే ఇంకా దట్టంగా ఉంటుంది. రాత్రిళ్లు చీకటి ఉంటుంది కాబట్టి ఆకాశంలో వెలుగులూ కనిపిస్తాయి. క్రిస్మస్ వారంలో రోవనియెమిలో హోటల్ గది అద్దె వింటే గుండె గుభేలుమంటుంది, ఆ ఖర్చూ తగ్గుతుంది. ఒక్కటే చూసుకోవాలి. ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మొదటివారం దాకా ఇక్కడ స్కూళ్లకు ఒక్కో ప్రాంతంలో ఒక్కో వారం 'స్కీ సెలవులు' ఇస్తారు. అప్పుడు ఉత్తరానికి జనం పోటెత్తుతారు, కాబట్టి గదులు, రైలు టికెట్లు ఇప్పుడే తీసుకోవాలి.

రైలు టికెట్లు అన్నాను. ఇదే నేను ఎక్కువ పట్టుబట్టే విషయం. హెల్సింకి నుంచి రోవనియెమికి రాత్రి రైలు ఉంది. మీ కారును కూడా అదే రైలు ఎక్కించొచ్చు. హెల్సింకిలోనే పాసిలా అనే చోట కారును బోగీలోకి నడిపి వదిలేసి, మీరు పడుకునే కంపార్టుమెంటుకు వెళ్లిపోవచ్చు. తెల్లారేసరికి రోవనియెమి. 800 కిలోమీటర్లు నిద్రలో గడిచిపోతాయి. మనం నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో పడుకుని పొద్దున్నే హైదరాబాద్‌లో దిగినట్టే, కాకపోతే ఇక్కడ గదికి తలుపు ఉంటుంది, రెండు బెర్తులు ఉంటాయి. మనవరాలికి అదే పెద్ద పండగ. "రోడ్ ట్రిప్ మజా పోతుంది" అని మీవాడు అనొచ్చు. పోదు. హెల్సింకి నుంచి ఔలు దాకా 600 కిలోమీటర్లు రెండు పక్కలా ఒకేలాంటి పైన్ చెట్లే. చూడాల్సిన రోడ్డు రోవనియెమి దాటాకే మొదలవుతుంది.

దిగిన రోజు డ్రైవింగ్ పెట్టుకోవద్దు. ఊళ్లో ఆర్క్‌టికుమ్ అనే మ్యూజియం చూడండి. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో శాంతాక్లాజ్ ఊరు ఉంది. అక్కడే నేల మీద ఆర్కిటిక్ వృత్తం గీత గీసి ఉంటుంది, మనవరాలు ఆ గీత మీద ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి ఫొటో దిగుతుంది. మర్నాడు తెల్లవారాక బయల్దేరితే సోడన్‌క్యులాకు 130 కిలోమీటర్లు. అక్కడ భోజనం చేసి, 1689లో చెక్కతో కట్టిన చిన్న చర్చి ఒకటి ఉంటుంది, చూడండి. గోడలు ఎండకూ మంచుకూ బూడిదరంగుకి తిరిగాయి, కానీ మూడు వందల ఏళ్లకు పైగా అలాగే నిలబడి ఉంది. ఇంకో 130 వెళ్తే సారిసెల్కా. ఆ రోజుకు అక్కడ ఆగిపోండి. రెండు రాత్రులు అక్కడే ఉండండి, మధ్యలో ఒక రోజు కారు తాళం తియ్యకండి. ఆ తర్వాత ఇవాలో మీదుగా ఇనారికి 70 కిలోమీటర్లే. ఇవాలో దాటాక గడ్డకట్టిన ఇనారి సరస్సు పక్కనే రోడ్డు మెలికలు తిరుగుతూ పోతుంది. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నలభై కిలోమీటర్లు అవే. ఇనారిలో 'సీదా' మ్యూజియం మాత్రం వదలొద్దు. ఈ నేల ఇక్కడి ఆదివాసులైన సామీ ప్రజలది. ఫిన్లాండ్‌లోనే మూడు సామీ భాషలు మాట్లాడతారు. అందులో ఇనారి సామీ మాట్లాడేవాళ్లు కొన్ని వందల మందే. ఆ భాష చచ్చిపోకుండా పసిపిల్లల బడుల్లోనే నేర్పించడం మొదలుపెట్టారు. తెలుగు గురించి దిగులుపడే మనం చూసి తీరాల్సింది అది.

మొత్తం ఏడెనిమిది రోజులు పడుతుంది. అన్ని రోజులు సెలవు దొరక్కపోతే ఇనారి మానేసి సారిసెల్కా నుంచే వెనక్కి రండి. రోజులు తగ్గించి దూరం మాత్రం అలాగే ఉంచితే మళ్లీ మొదటికొచ్చినట్టే.

మీవారి విషయానికి వస్తాను. ఘాట్ రోడ్డులో 31 ఏళ్లు బస్సు నడిపిన మనిషి చేతుల్లో ఉండే ఒడుపు మామూలుది కాదు. వానాకాలం దోర్నాల ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు మీద కాకుండా చిన్న గేరు మీద బండిని పట్టుకుని దించడం, మలుపుకు ముందే వేగం తగ్గించుకుని మలుపులో స్టీరింగుని మెల్లగా తిప్పడం, ఇవే మంచు మీద కూడా ప్రాణం కాపాడతాయి. అయినా హైవే మీద ఆయన నడపొద్దని నా మాట. ఇక్కడ బండి కుడిపక్కన నడవాలి, స్టీరింగ్ ఎడమపక్కన. 31 ఏళ్ల అలవాటు కంగారులో చెయ్యిని తప్పు వైపుకే లాగుతుంది. జారుతున్న బండిలో ఆలోచించడానికి టైము ఉండదు, అలవాటే నడుపుతుంది. ఇంతటి అలవాటు ఉంది కాబట్టే ఆయన నడపకూడదు. ఈ మాట మీరు చెప్తే నొచ్చుకుంటారేమో, ఇది ఆయన్నే చదవమనండి. సాటి డ్రైవరుకి ఇందులో అవమానం ఏమీ లేదని వెంటనే అర్థమవుతుంది.

ఆయన చెయ్యాల్సిన పని వేరే ఉంది, అది చిన్నదేం కాదు. ముందు సీట్లో ఆయన కూర్చోవాలి. రైన్‌డీర్లను, అంటే మంచుప్రాంతపు జింకల్ని కనిపెట్టాలి. వీటిని ఇక్కడ 'పొరో' అంటారు. రోవనియెమి చుట్టుపక్కల నుంచి పైకి అంతా వీటి రాజ్యమే. సుమారు రెండు లక్షలుంటాయి, ప్రతిదానికీ యజమాని ఉంటాడు, చెవి మీద కోత గుర్తు ఉంటుంది. అడవిలో నడుములోతు మంచు, రోడ్డేమో శుభ్రంగా ఉంటుంది, అందుకని హాయిగా రోడ్డు మీదికి వచ్చి నడుస్తాయి. హారన్ కొడితే పక్కకు పోవు, కారు ముందు అదే దారిన దౌడు తీస్తాయి, మన ఊళ్లో దూడలు బస్సు ముందు పరుగెత్తినట్టే. ఒకటి రోడ్డు దాటితే ఇంకో నాలుగు చెట్ల వెనకే ఉన్నాయని అనుకోవాలి. దూరంలో బూడిదరంగు మచ్చ కదిలితే చాలు, "పొరో!" అని ఆయన అరవాలి, అబ్బాయి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యాలి. 80లో వెళ్తున్న కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఒక్క సెకను ముందు చూసిన కళ్లు ఎంత విలువైనవో మీవారికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఒకవేళ తగిలితే, అది లేచి అడవిలోకి వెళ్లిపోయినా సరే, అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసి చెప్పి తీరాలి. గాయపడి ఎక్కడో పడి నరకం పడుతుంది, యజమాని వెతికి దాన్ని చూసుకోవాలి. ఇంకా పెద్ద జంతువు 'హిర్వి', అంటే మూస్. పొడవాటి కాళ్లు, గుర్రం కంటే ఎత్తు. గుద్దితే కాళ్లు విరిగి ఆ శరీరం మొత్తం నేరుగా అద్దం మీదికి వస్తుంది. పొద్దువాలేటప్పుడు, తెల్లవారేటప్పుడు ఎక్కువ తిరుగుతుంది. పగలు మాత్రమే నడపమనడానికి ఇదీ ఒక కారణం.

ఆయన సరదా తీరాలంటే ఒక పని చెయ్యండి. బయల్దేరడానికి వారం ముందు ఎస్పోలోనే ఎవరూ లేని పెద్ద పార్కింగ్ స్థలంలోకి తీసుకెళ్లమనండి. అక్కడ అబ్బాయి 30 స్పీడులో వెళ్లి గట్టిగా బ్రేకు తొక్కాలి. పెడల్ కాలి కింద టకటకమని కొట్టుకుంటుంది, అది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని. భయపడి కాలు తియ్యకుండా తొక్కే ఉంచాలి, చూపు మాత్రం వెళ్లాల్సిన వైపే ఉండాలి. ఎంత దూరంలో ఆగిందో మీవారు దిగి అడుగులతో కొలవాలి. ఆ దూరం ఒక్కసారి కాళ్లతో కొలిస్తే, హైవే మీద ముందు కారుకి ఎంత ఎడం ఉంచాలో ఇద్దరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ లైసెన్సు ఇచ్చే ముందే జారుడు రోడ్డు శిక్షణ ఉంటుంది. అది లేకుండా వచ్చిన మనలాంటివాళ్లం ఇలా నేర్చుకోవాల్సిందే.

టైర్ల గురించి అబ్బాయికి తెలిసే ఉంటుంది. నవంబరు మొదలు మార్చి నెలాఖరు దాకా వాతావరణం అడిగితే చలికాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. అవి రెండు రకాలు. ఒకటి మెత్తటి రబ్బరుది, ఇంకోటి లోహపు మేకులు బిగించింది. నగరంలో మేకులు లేకపోయినా ఫర్వాలేదు, కానీ ఇనారి వెళ్లేవాళ్లకు మేకుల టైర్లే నా సలహా. చలికాలంలో స్పీడు పరిమితులు కూడా తగ్గిస్తారు. వేసవిలో 100 ఉన్న రోడ్ల మీద ఎక్కువ చోట్ల 80 బోర్డు పెడతారు. మంచు తోసే బండి ముందు వెళ్తుంటే ఓవర్‌టేక్ చెయ్యొద్దు. దాని వెనక లేచే తెల్లటి పొడిలో ఎదుటి బండి అస్సలు కనపడదు. అదే కాసేపట్లో ఎక్కడో పక్కకు ఆగి దారి ఇస్తుంది. జరిమానాల సంగతి కూడా చెప్పండి. ఇక్కడ పెద్ద స్పీడు తప్పులకు జరిమానా జీతాన్ని బట్టి వేస్తారు. 2023లో ఆలాండ్ దీవుల్లో 50 ఉన్న చోట 82లో వెళ్లిన ఒక ధనవంతుడికి 1,21,000 యూరోలు పడింది.

పొద్దున్నే కారు తీసే పని మీవారికి నచ్చుతుంది, అది పూర్తిగా ఆయనకే అప్పగించండి. ఉత్తరాన హోటళ్ల పార్కింగులో ప్రతి స్థలం ముందూ నడుము ఎత్తున ఒక స్తంభం, దానికి మూతపెట్టిన ప్లగ్గు, చిన్న టైమరు ఉంటాయి. కారు ముందు భాగంలో కూడా ఒక సాకెట్టు ఉంటుంది. డిక్కీలో చుట్టి పెట్టిన కేబుల్‌ని ఆ రెంటికీ కలిపి, బయల్దేరే టైముకి రెండు మూడు గంటల ముందు కరెంటు వచ్చేలా టైమరు తిప్పాలి. ఇంజను వెచ్చబడి ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది. కేబుల్ పీకకుండా కారు తియ్యడం కొత్తవాళ్లు చేసే పొరపాటు, అది ఆయనే చూసుకోవాలి. తర్వాత బ్రష్‌తో టాపు మీద మంచు మొత్తం తుడవాలి. అద్దాలు మాత్రమే తుడిచి వెళ్తే బ్రేకు వేసినప్పుడు టాపు మీది మంచు ముందు అద్దం మీదికి జారి ఏమీ కనపడదు. హెడ్‌లైట్లు, వెనక లైట్లు, నంబరు ప్లేటు కూడా తుడవాలి. స్టార్ట్ చేసి వదిలేసి లోపల కాఫీ తాగుతూ కూర్చోవడం ఇక్కడ నేరం, రెండు నిమిషాలకు మించి ఉత్తినే ఇంజను నడపకూడదు. మైనస్ 15 దాటితే నాలుగు నిమిషాలు. రాత్రి పార్కింగులో హ్యాండ్‌బ్రేకు వెయ్యొద్దు, గడ్డకట్టి పట్టేస్తుంది. గేర్లో పెట్టి దిగితే చాలు.

పెట్రోలు సగానికి వస్తే నింపడమే. సోడన్‌క్యులా నుంచి సారిసెల్కాకు 130 కిలోమీటర్లు, మధ్యలో చెప్పుకోదగ్గ ఊరు వూట్సో ఒక్కటే. బాత్రూమ్ అవసరం కూడా అలాగే చూసుకోవాలి. బంకు కనిపించిన ప్రతిసారీ దిగండి, మొహమాటపడకండి. మన వయసు ఆడవాళ్లకు ప్రయాణమంటే సగం భయం దాని గురించే కదా.

ఇన్సులిన్ విషయంలో మాత్రం రాజీ వద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. సూట్‌కేసులో పెట్టి డిక్కీలో వెయ్యొద్దు, భోజనానికి దిగినప్పుడు కారులో వదిలేయొద్దు. మీవారి చొక్కాకి లోపలి జేబు కుట్టించండి, ఒంటి వెచ్చదనం తగులుతూ ఉండాలి. చలిలో షుగర్ చూసే మీటరు కూడా తప్పు చూపించడమో, పని చెయ్యకపోవడమో జరుగుతుంది, దాన్నీ లోపలే ఉంచాలి. పాదాల్లో స్పర్శ తక్కువుంటే వేళ్లు గడ్డకడుతున్నా ఆయనకు తెలియదు. బయట అరగంట తిరిగి లోపలికి రాగానే సాక్సు విప్పించి మీ కళ్లతో చూడండి. బూట్లు ఒక సైజు పెద్దవి కొనాలి. బిగుతు బూట్లలో రెండు జతల సాక్సు వేస్తే ఇంకా చలి వేస్తుంది. మన ఊరి నుంచి కాటన్ బనియన్లు మోసుకురాకండి. చెమట పట్టిన నూలు ఒంటికి అంటుకుని వణికిస్తుంది. ఉన్ని బట్టలు కోడలు ఇక్కడే చూపిస్తుంది.

మనవరాలి సీటు గురించి కోడలికి ఒక్క మాట. లావుపాటి జాకెట్ మీద సీటుబెల్టు బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది కానీ గుద్దుకున్నప్పుడు జాకెట్ నొక్కుకుపోయి పిల్ల బెల్టులోంచి జారిపోతుంది. జాకెట్ విప్పి బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పాలి. ఆ దుప్పట్లు, నీళ్లు, బిస్కెట్లు, నిండా చార్జింగున్న పవర్‌బ్యాంకు ఎప్పుడూ కారులోనే ఉండాలి. 112 పేరుతో ఉన్న ఫిన్నిష్ యాప్ అందరి ఫోన్లలో వేయించండి, దాంట్లోంచి ఫోన్ చేస్తే మీరున్న చోటు వాళ్లకు తెలిసిపోతుంది. ఎక్కడైనా మంచులో ఇరుక్కుంటే కారు వదిలి నడిచి వెళ్లొద్దు. ఇంజను నడుపుతూ కూర్చునేముందు వెనక పొగగొట్టానికి మంచు అడ్డం లేకుండా తవ్వాలి. లేకపోతే విషవాయువు లోపలికి వస్తుంది.

తిండి సంగతి మీరు అడగలేదు, కానీ సూట్‌కేసు సర్దేటప్పుడు గుర్తొస్తుంది. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాలతో, మాంసంతో చేసినవి తేకూడదు. అంటే నెయ్యి వద్దు, పాలకోవా వద్దు, చికెన్ పచ్చడి వద్దు. పచ్చి కరివేపాకు కూడా పట్టుకుంటారు. కందిపొడి, చింతపండు, గోంగూర పచ్చడి నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. ఉత్తరాన వంటగది ఉన్న చెక్క ఇళ్లు అద్దెకు దొరుకుతాయి, గది కంటే అవే నయం. రోజంతా చలిలో తిరిగొచ్చి వేడన్నంలో ఇక్కడి వెన్నే కాచిన నెయ్యి, కందిపొడి కలుపుకుంటే ఆయన షుగరుకీ వేళ తప్పదు. ఆ ఇళ్లలో సౌనా, అంటే వేడి ఆవిరి గది కూడా ఉంటుంది. ఇన్సులిన్ వాడేవాళ్లు అంత వేడిలోకి వెళ్లాలంటే బయల్దేరే ముందే మీ డాక్టర్ని అడిగి రండి.

చివరగా ఆకాశంలో వెలుగులు. ఫిన్నిష్‌లో వాటిని 'రెవోంతులెత్' అంటారు, నక్క మంటలు అని అర్థం. పరుగెత్తే నక్క తోక మంచుకు తగిలి నిప్పురవ్వలు ఆకాశానికి లేస్తాయని పాతకాలంవాళ్ల కథ. అవి కనపడాలంటే మబ్బు ఉండకూడదు, చుట్టూ దీపాలు ఉండకూడదు. మొదట్లో సన్నటి తెల్లమబ్బు చారలాగే ఉంటాయి, ఇదేనా అనిపిస్తుంది. కాసేపు కళ్లు చీకటికి అలవాటుపడ్డాక ఆ చార ఆకుపచ్చగా మారి, తెరలా ఊగడం మొదలవుతుంది. వాటి కోసం రాత్రిపూట కారేసుకుని తిరగొద్దు. కనిపించాయి కదా అని హైవే పక్కన కారు ఆపితే వెనక వచ్చే లారీకి మీరు కనపడరు. ఇనారిలో సరస్సు ఒడ్డున ఇల్లు తీసుకుంటే వాకిట్లోంచే కనిపిస్తాయి. ఉత్తరాన రెండు మూడు రాత్రులు ఉండమన్నది కూడా అందుకే, ఒక రాత్రి మబ్బు పట్టినా ఇంకోటి మిగులుతుంది.

అక్కడ ఉన్నన్ని రోజులూ పడుకునే ముందు మనవరాలి మంచు సూటు, బూట్లు, గ్లౌజులు, టోపీ అన్నీ తలుపు పక్కన వరసగా పెట్టుకోండి. నిద్రలో ఉన్న పిల్లకు అవన్నీ తొడగడానికి పది నిమిషాలు పడుతుంది, ఆకాశం పది నిమిషాలు ఆగకపోవచ్చు. మీ బూట్లు కూడా అక్కడే పెట్టుకోండి.